కుడి హబ్

ఫిబ్రవరి 2

కొత్త పెన్ను కొన్నాను. పాతదాని పాళీ అరిగిపోయినట్టుంది, అక్షరాలన్నీ వంకర్లు పోతున్నాయి. పిల్లలకు భూగోళం చెప్పే రోజుల్లో నేను నల్లబల్ల మీద గీసిన పటాలు చూడ్డానికి పక్క తరగతుల మాస్టర్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు. అలాంటి చేతికి ఇదా రాత!

ఇవాళ ఇంట్లో జీపు గురించి పెద్ద పంచాయితీ జరిగింది. ఊరి బయట కొత్తగా హోటల్ కట్టినాయన మళ్ళీ వచ్చి అడిగాడు. హోటల్ ముందు సిమెంటు దిమ్మె కట్టించి దాని మీద జీపును నిలబెడతాడట. పసుపు రంగు వేయిస్తాడట. ఇంజను తీసేసి, ఆ ఖాళీలో పూలమొక్కలు పెంచుతాడట. తినడానికి వచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారట. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వెళ్ళాక మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను, తనేదో పిలిపించినట్టు.

"అమ్మమని నేనెప్పుడైనా అన్నానా?" అంది. "ముప్పై ఏళ్ళు ఈ సవతిని భరించాను, ఇంకో పదేళ్ళు భరించలేనా? కానీ కదలని బండిని వాకిట్లో పెట్టుకుని మీరు రోజూ తుడుస్తుంటే చూడలేనండీ. నడపండి, లేకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యండి."

మా బావమరిది అక్కడే ఉన్నాడు. పళ్ళ డాక్టరు. వాడూ నేనూ ఈ బండిలో ఎక్కని గుట్ట లేదు. వాడి ముందు మాట పడ్డం నాకు నచ్చలేదు. "సరే, వినండి. వానలు పడే లోపల నది దాటి, కొండెక్కి, పైన గుడారం వేసి తిరిగొస్తాను. నేనే నడుపుతాను. చేయగలిగితే బండి నాది. చేయలేకపోతే ఆ హోటలాయనది" అన్నాను.

"పందెమా బావా?" అన్నాడు వాడు. ఎందుకో నవ్వలేదు.

"పందెమే" అన్నాను.

ఫిబ్రవరి 5

పొద్దున్నే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు ఇరుసు నూనె వదిలితే కాఫీ రంగులో వచ్చింది. అంటే ఎప్పుడో నీళ్ళు చేరాయన్నమాట. నీళ్ళలో దిగినప్పుడు వేడి ఇరుసు చల్లబడి, గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్ళు లాగేసుకుంటుంది. ఆ గొట్టానికి రబ్బరు పైపు తగిలించి బానెట్ దాకా పైకి కట్టించాను. ఇది ఎప్పుడో చేయాల్సిన పని.

"మాస్టారూ, బండి గట్టిదే. ఇంకో ఇరవై ఏళ్ళు నడుస్తుంది" అన్నాడు మెకానిక్. నా ప్రాణం లేచొచ్చింది.

షాఫ్టు జాయింట్లకు గ్రీజు నేనే కొట్టాను. బోల్టు ఒకటి చేతిలోంచి జారి పళ్ళెంలో పడింది. నూనె పట్టి ఉంది కదా. తుడిచాక కూడా జారింది. ఈమధ్య బోల్టులు నున్నగా చేస్తున్నారు.

ఫిబ్రవరి 9

మా ఆవిడ టీ గ్లాసు సగమే నింపి ఇస్తోంది. ఇప్పుడెందుకో ఈ పొదుపు.

ఫిబ్రవరి 12

జీపు పైన వేసే పాత టార్పాలిన్ దించి వాకిట్లో పరిచాను. అటక మీద ఎన్నాళ్ళుగా ఉందో, విప్పగానే ఆ వాసన! మైనం, పొగ, ఎండిన బురద, అన్నీ కలిసి. అక్కడే కూర్చుండిపోయాను.

ఈ జీపు నాకు మూతపడిన రాళ్ళ క్వారీలో దొరికింది. అద్దాలు లేవు, సీట్లు లేవు, లోపల ఒక మేక పడుకుని ఉంది. దాన్ని దింపడానికే సగం పూట పట్టింది. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. జీతమంతా ఇందులో పోస్తుంటే మా ఆవిడ ఒక్కసారి కూడా నోరెత్తలేదు. ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చి, ఈ టార్పాలిన్‌ను ఇంట్లో కుట్టుమిషను మీద కుట్టింది. సూదులు విరిగిపోయేవి. "మనుషులకు వేసిన కుట్లు నయం" అనేది. తను అప్పుడు కొత్త నర్సు.

మొదటిసారి బయటికి తీసుకెళ్ళిన దారి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మట్టిరోడ్డు దిగగానే ఎడమ గాడి లోతు, కుడి గాడి మెరక. ఆ తర్వాత నల్లమట్టి. అందులో దిగబడ్డాం, మా ఆవిడతో సహా ముగ్గురం. బావమరిది అప్పుడు ఇంకా చదువుకుంటున్నాడు, తెల్లచొక్కా వేసుకొచ్చాడు పెద్దమనిషిలా. సాయంత్రానికి వాడి పళ్ళు తప్ప ఏమీ తెల్లగా లేవు. ఎంత నవ్వుకున్నామో! ఇప్పుడు అలా నవ్వేవాళ్ళు లేరని కాదు. ఆ నవ్వు మళ్ళీ రాదంతే.

చిరుగులకు అతుకులు వేయమని అడిగాను. "చూద్దాం" అంది. సాయంత్రానికల్లా వేసేసింది.

ఫిబ్రవరి 18

నరాల డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో కూడా తెలియదు, దారిలో ఉందని వెళ్ళాను. కాగితం మీద చక్రం చుట్టమన్నాడు. చుట్టాను. తన వేలిని గట్టిగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. "ఇంతేనా?" అన్నాడు. మర్యాద తెలియని మనిషి.

మాత్రలు రాశాడు. వణుకు కొంత తగ్గుతుందట, కుడిచేతి పట్టు మాత్రం తిరిగి రాదట. "బండి నడపడం మెల్లగా మానేస్తే మంచిది" అన్నాడు.

ఫిబ్రవరి 19

'మంచిది' అన్నాడు గాని 'మానెయ్యి' అనలేదు. రెంటికీ చాలా తేడా ఉంది.

ఫిబ్రవరి 24

హోటలాయన మళ్ళీ వచ్చాడు. ముందు చక్రాల మధ్యలో ఉన్న గుండ్రటి మూతలు చూపించి, వీటికి బంగారు రంగు వేస్తే బాగుంటుంది కదా అన్నాడు. పట్టలేక పాఠం చెప్పేశాను. అయ్యా, అవి మూతలు కావు, హబ్‌లు. వాటిని తిప్పితేనే ముందు చక్రాలకు ఇంజను బలం అందుతుంది. లోపల కూర్చుని లివరు ఎంత లాగినా లాభం లేదు, కిందికి దిగి, రెండువైపులా చేత్తో తిప్పాలి. ఒకవైపు తిప్పి రెండోవైపు మరిచిపోతే రెండువైపులా మరిచిపోయినట్టే. ఆ బలమంతా ఖాళీగా తిరిగే వైపుకు పోతుంది. నాలుగు చక్రాల బండి కాస్తా రెండు చక్రాలదైపోతుంది.

"అబ్బో, ఇంత తతంగమా!" అన్నాడు, అర్థం కాకపోయినా.

ఆయనకు చెప్పనిది ఇక్కడ రాసుకుంటాను. ఆ నల్లమట్టిలో దిగబడింది బురద వల్ల కాదు. ఎడమ హబ్ బావమరిది తిప్పాడనుకుని నేనూ, నేను తిప్పాననుకుని వాడూ ఊరుకున్నాం. ఆ రోజు పెట్టుకున్న కట్టుబాటు ఇది. ఎడమ వాడిది, కుడి నాది. తిప్పినవాడు గట్టిగా అరిచి చెప్పాలి. "ఎడమ పడింది!" "కుడి పడింది!" రెండు కేకలూ వినపడితేనే బండి కదలాలి. ఎవరి దాన్ని వాళ్ళే చూసుకోవాలి, రెండోవాడు వచ్చి తడమకూడదు. అలా తడిమితే నమ్మకం లేదని అర్థం. అన్నదమ్ములకు కూడా లేని పట్టింపు మాకు ఈ విషయంలో ఉంది.

ఇప్పుడు వాటంతట అవే పడే హబ్‌లు వస్తున్నాయి. బావమరిది ఏడాదిగా పోరుతున్నాడు, మార్చేద్దాం బావా అని. వద్దన్నాను. ఆ కేక లేకపోతే ప్రయాణం మొదలైనట్టే ఉండదు.

మార్చి 3

పైన క్యారియర్ బిగించాం. రెండు నీళ్ళ క్యాన్లు, ఒక డీజిల్ క్యాన్. ఇసుకలో చక్రాల కింద వేసే ఇనుప పలకలు. ముందు బంపరు మీద, దిగబడితే బండిని లాక్కునే వించ్ కేబుల్ మొత్తం విప్పి, పురులు తెగినచోట కత్తిరించి, మళ్ళీ చుట్టాం. చుట్టేటప్పుడు కేబుల్ బిగువుగా పట్టుకోవాలి. వదులైతే లోపలి చుట్లలో ఇరుక్కుంటుంది. నేను పట్టుకున్నాను. బావమరిది "బావా, నువ్వు స్విచ్ నొక్కు, నేను పట్టుకుంటా" అన్నాడు. కేబుల్ పట్టడంలో వీడికి ఈమధ్య మోజు పుట్టింది.

చేతి తొడుగులు మందంగా ఉన్నాయి. పట్టు దొరకడం లేదు. పల్చటివి కొనాలి.

మార్చి 6

కొత్త చొక్కాకు కాజాలు చిన్నగా కుట్టాడు దర్జీ. గుండీలు మా ఆవిడ పెట్టింది.

మార్చి 10

బావమరిదీ నేనూ క్వారీ గుంటలో పరీక్షకు వెళ్ళొచ్చాం. బంగారం లాంటి బండి! ఎక్కడా ముక్కలేదు, మూలగలేదు. రాళ్ళ ఏటవాలు మీద చీమలా పాకి పైకి వచ్చింది. కుడి హబ్ కాస్త బిగుసుకున్నట్టుంది గాని, తిరిగింది. "కుడి పడింది!" అని అరిస్తే గుంట గోడలన్నీ మళ్ళీ అరిచాయి. చిన్నపిల్లాడిలా ఇంకోసారి అరిచాను.

బావమరిది లేసు కట్టుకుంటానని నా వైపు చక్రం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఈమధ్య వీడి బూట్ల లేసులు ఊరికే ఊడిపోతున్నాయి. కొత్తవి కొనుక్కోరా అంటే వినడు.

ఇంటికొచ్చాక మా ఆవిడతో చెప్పాను, పందెం గెలిచినట్టే అని. "నది ఇంకా దాటలేదు కదా" అంది. అనడమే గాని, ముఖంలో సంతోషం దాచుకోలేకపోయింది.

మార్చి 15

బ్యాటరీ ఎత్తబోయి బావమరిదికి నడుం పట్టేసింది. నేనెత్తుతానంటే విన్నాడు కాదు. మంచం దిగకూడదట.

ఆకాశం అప్పుడప్పుడూ మబ్బు పడుతోంది. వానలు మొదలైతే నదిలో దిగలేం. హోటలాయన సిమెంటు దిమ్మె కట్టడం మొదలుపెట్టాడని మెకానిక్ చెప్పాడు.

మార్చి 17

"నేనొస్తాను" అంది మా ఆవిడ.

నమ్మలేకపోయాను. తను బండెక్కి ఎన్నాళ్ళయిందో. కొత్తలో మాతో వచ్చేది. ముందు డ్యూటీలు, తర్వాత అమ్మాయి చదువు, ఆ తర్వాత అలవాటు తప్పిపోయింది. బావమరిదీ నేనూ వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేది. వెనక అద్దంలో చిన్నదైపోతూ కనపడేది.

బావమరిదికి చెప్పడానికి వెళ్ళాను. మంచం మీద నుంచే "వద్దు బావా" అన్నాడు. "నేను లేచేదాకా ఆగు. నేను లేకుండా వెళ్ళకు" అన్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. వచ్చేస్తుంటే మళ్ళీ పిలిచి మళ్ళీ అదే మాట. కుళ్ళు కాకపోతే ఏమిటి! ముప్పై ఏళ్ళుగా ఎడమ సీటు వాడిది, ఇప్పుడు అక్క కూర్చుంటే ఓర్చుకోలేకపోతున్నాడు.

మార్చి 19

రేపు.

మార్చి 23

పెన్ను బాగానే ఉంది. చెయ్యే బాగోలేదు. ఈ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇవాళ పొద్దుట కూర్చున్నాను, ఎంత సేపైనా సరే మొత్తం రాస్తాను.

బయలుదేరినప్పుడు అంతా పండగలాగే ఉంది. మా ఆవిడ ఎడమ సీట్లో కూర్చుని ప్రతి లివరునూ చూపించి ఇదేం చేస్తుంది, అదేం చేస్తుంది అని అడిగింది. తను ఊళ్ళో చిన్న కారు నడుపుతుంది, బాగానే నడుపుతుంది. నది ఒడ్డున చక్రాల గాలి తగ్గించాలి, అప్పుడే ఇసుకలో దిగబడవు. ఆ పని తను లాక్కుంది. గాలి కొలిచే గేజి పట్టుకుని, "సర్వీసంతా చేసిందిదేగా, నా సవతికీ బీపీ చూస్తాను" అంది. ముందు జాలీకి టార్పాలిన్ ముక్క కట్టాం, నీళ్ళు ఫ్యాను మీదికి ఎగజిమ్మకుండా.

తరువాత హబ్‌లు. తనకు ఎడమది ఎలా తిప్పాలో చూపించి నా వైపు వచ్చాను.

కుడి హబ్ మధ్యదాకా తిరిగి ఆగింది. వదిలితే వెనక్కి వచ్చేసింది. మళ్ళీ తిప్పాను. చెయ్యి మార్చి ఎడమచేత్తో ప్రయత్నించాను, ఆ కోణంలో అందలేదు. వేళ్ళు ఉన్నాయి, కనపడుతున్నాయి, కానీ నా మాట వినడం లేదు. అప్పుడు అవతలి వైపు నుంచి తను అరిచింది, "ఎడమ పడింది!" అని. ఎంత సంతోషంగా అరిచిందో. పెళ్ళయిన కొత్తలో ఉండేది ఆ గొంతు. నా నోట్లోంచి "కుడి పడింది!" అని వచ్చేసింది.

వెంటనే సరిదిద్దుకోవచ్చు. సరిదిద్దుకోలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళే కదా, వెనక చక్రాలే లాగేస్తాయిలే అనుకున్నాను. పందెం ఒకటి ఉంది నెత్తి మీద. పసుపు రంగు, పూలమొక్కలు కళ్ళముందు తిరిగాయి.

సగం దాకా బాగానే వెళ్ళాం. మధ్యలో గులకరాళ్ళు పోయి ఇసుక వచ్చింది. వెనక చక్రాలు తవ్వుకోవడం మొదలుపెట్టాయి. లివరు లాగాను. ముందు చక్రాలు ఉలకలేదు, పలకలేదు. వెనక భాగం కుంగిపోయి తలుపు సందుల్లోంచి నీళ్ళు లోపలికి వచ్చాయి. పొగగొట్టం నీళ్ళలో బుడబుడమంటోంది. ఇంజను ఆగితే ఇక అంతే. వించ్ కేబుల్ తగిలించడానికి దరిదాపుల్లో ఒక్క చెట్టు లేదు. పైన కొండల మీద మబ్బు నల్లగా ఉంది. అక్కడ వాన పడితే ఇక్కడ నీళ్ళు పెరుగుతాయి. ఎందుకు కదలడం లేదో ఆ నీళ్ళలో నాకొక్కడికే తెలుసు. అయినా తెలియనట్టు మళ్ళీ లివరు లాగాను.

తను నా వైపు ఒకసారి చూసింది. చెప్పులు విప్పింది. తలుపు తోసుకుని నీళ్ళలోకి దిగింది.

"ఎక్కడికి?" అన్నాను.

బంపరు పట్టుకుని ముందు నుంచి చుట్టూ తిరిగి నా చక్రం దగ్గరికి వచ్చింది. వంగి, భుజం దాకా చెయ్యి నీళ్ళలో పెట్టింది. తడుముతున్నట్టు తెలుస్తోంది. తర్వాత ఒక బలమైన తిప్పు తిప్పింది. లేచి నిలబడి, నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు పడింది" అంది.

నేను స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాను.

"ముప్పై ఏళ్ళు నర్సుగా చేశానండీ. టీ సగం గ్లాసే ఎందుకు పోస్తున్నాననుకున్నారు? మీరే చెబుతారని చూస్తున్నా. మీ చెయ్యి సంగతి నాకెప్పుడో తెలుసు. మీ మాట అబద్ధమాడుతుందని మాత్రం అనుకోలేదు."

"నీళ్ళు పెరుగుతాయి, ఎక్కు" అన్నాను. అదే నాకు దొరికిన మాట. గేరు వేశాను. ముందు చక్రం ఏదో రాయి తొక్కింది, స్టీరింగు గిర్రున తిరిగింది. నా కుడిచెయ్యి దాన్ని ఆపలేకపోయింది. రెండోసారి కూడా అంతే.

"జరగండి" అంది.

జరగలేదు. దిగాను. ఇద్దరం లోపల కూర్చుంటే నీళ్ళ కింద ఏముందో చెప్పేవాళ్ళుండరు. కర్ర తీసుకుని ముందు నిలబడ్డాను. ఎప్పుడూ బావమరిది చేసే పని అది. వాడు ముందు నడుస్తూ చెయ్యి ఊపేవాడు, నేను లోపల కూర్చుని వాణ్ణి తిట్టేవాణ్ణి.

"కొంచెం వెనక్కి పోనీ. ఆపు. ఇప్పుడు ముందుకి. చక్రం ఊగాలి, తవ్వకూడదు" అని అరుస్తూ కుడిచెయ్యి ఎత్తాను.

తను ఆపేసింది. కిటికీలోంచి తల బయటపెట్టింది. "రమ్మంటున్నారా, ఆగమంటున్నారా? ఆ చెయ్యి రెండూ చెబుతోంది!"

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, అబద్ధమెందుకు. ఎడమచెయ్యి ఎత్తాను. తను దాన్నే చూస్తూ వెనక్కి కొంచెం, ముందుకి కొంచెం, ఊయల ఊపినట్టు ఊపింది. నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టు దొరకబుచ్చుకున్నాయి. నీళ్ళు చిమ్ముకుంటూ నా పక్క నుంచి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయింది. నేను నది మధ్యలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను.

కొండ ఎక్కలేదు. మబ్బు ఇటు దిగకముందే నది దాటేయాలని తనే మళ్ళీ ఇవతలికి నడిపింది, తనే ఇంటిదాకా తీసుకొచ్చింది.

పందెం ఓడిపోయాను. హోటలాయనకు ఫోన్ చేయాలి.

మార్చి 25

బావమరిది నడుంకు పట్టీ కట్టుకుని వచ్చాడు. వాళ్ళక్క అంతా చెప్పిందట. వచ్చి బండి మెట్టు మీద కూర్చున్నాడు.

"బావా, ఒకటి చెబుతా, కొట్టనంటే" అన్నాడు.

"నడుం విరిగినవాణ్ణి కొట్టేంత పౌరుషం లేదులే, చెప్పు."

"ఏడాదిగా నీ హబ్ నేనే తిప్పుతున్నా."

అర్థం కాలేదు.

"నువ్వు అరిచాక లేసు కట్టుకుంటానని వచ్చేవాణ్ణి కదా. రోజంతా జనం నోట్లో చేతులు పెట్టే పని బావా నాది. చెయ్యి ఎప్పుడు వణుకుతుందో నాకు తెలీదా? అడిగితే నువ్వు బండి దిగిపోతావు. నువ్వు దిగితే నేనెవడితో తిరగాలి?"

రెండోవాడి హబ్ తడమకూడదని కట్టుబాటు పెట్టింది వీడే. ఆ మాట అన్నాను. "అవును, తప్పే" అన్నాడు తలొంచుకుని. వాడి తల పట్టుకుని నా భుజానికి ఆనించుకున్నాను. కుళ్ళు అనుకున్నాను వీణ్ణి. క్వారీ గుంటలో రెండోసారి అరిచానే, అప్పుడు కూడా వీడు అక్కడే కూర్చుని ఉన్నాడు.

మార్చి 28

హోటలాయన టేపు తెచ్చుకుని బండి పొడవు వెడల్పులు కొలిచాడు. "తీసుకోండి, మాట ఇచ్చాను" అన్నాను. తాళం చెవి చేతిలో పట్టుకునే ఉన్నాను. ఇవ్వడానికి చెయ్యి రాలేదు, అయినా చాచాను.

మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమండీ, పందెం ఏమిటి? నది దాటినవాళ్ళది బండి. అంతేగా?"

"కొండ కూడా ఎక్కాలి" అన్నాను.

"ఎక్కుతాను. గడువు వానలదాకా ఉందిగా." ఆయన వైపు తిరిగింది. "మీకు శ్రమ ఇచ్చాం. ఓడిపోయినాయనకు అమ్మే హక్కు లేదు. నా సవతిని నేనే ఏలుకుంటాను."

తాళం చెవి నా చేతిలోంచి తీసుకుంది. ఆయన టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. పాపం, దిమ్మె కట్టించేశాడు.

ఏప్రిల్ 12

ఈ రాత నాది కాదు, మా ఆవిడది. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. వెనక పేజీలు తిప్పకూడదని షరతు పెట్టాను. "తిప్పి చూడ్డానికేముంది, నాకు తెలియనిది ఒక్కటుంటే కదా" అంటోంది. ఆ మాట రాయొద్దన్నాను, రాసేసింది.

కొండ మీద ఉన్నాం. గుడారం వేశాం. బావమరిది పొయ్యి రాజేస్తున్నాడు. నది దగ్గర హబ్‌లు రెండూ వాడే తిప్పాడు, రెండు కేకలూ వాడే అరిచాడు. వాళ్ళక్క నడిపింది. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. మొదట్లో నా వైపు లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాను. "అక్కడ ఏం లేదండీ, కాలు నొప్పి తప్ప" అంది.

ఎక్కే దారిలో ప్రతి రాయీ నాకు తెలుసు. ఎక్కడ గాడి తప్పించాలో, ఎక్కడ గేరు మార్చాలో తనకంటే ముందు చెప్పేస్తున్నాను. రెండు మలుపులు తిరిగాక తను "ఇక చాలు, నాకు కనపడుతోంది" అంది. చేసే పనేమీ లేక తల పక్కకు తిప్పాను.

అక్కడ పెద్ద లోయ ఉంది. ఎంత పెద్దదంటే, అవతలి అంచు నీలంగా మసకబారిపోయి ఉంది. అడుగున ఒక వాగు రెండుగా చీలి మళ్ళీ కలుస్తోంది. మధ్యలో చిన్న లంక, దాని మీద ఎవరిదో ఎర్రపెంకుల ఇల్లు. మా కంటే కింద పక్షులు ఎగురుతున్నాయి. వాటి వీపులు కనపడుతున్నాయి.

"ఇది ఎప్పుడొచ్చింది?" అన్నాను.

తను బండి ఆపేయాల్సి వచ్చింది నవ్వు ఆపుకోలేక. బావమరిది వెనక సీట్లో నడుం పట్టుకుని నవ్వాడు. "ఎప్పట్నుంచో ఇక్కడే ఉంది బావా! వచ్చినప్పుడల్లా చూడు, చూడు అని మొత్తుకునేవాణ్ణి. దారి చూసుకోనివ్వరా అని తిట్టేవాడివి."

నిజమే. చక్రాల ముందు రెండు గజాల నేల తప్ప నేనేం చూడలేదు. ఇన్నేళ్ళ ప్రయాణాల్లో నాకు గుర్తున్నదంతా గాళ్ళు, రాళ్ళు, బురద. వీళ్ళిద్దరూ ఇంకేవో చోట్లకు వెళ్ళొచ్చారు, నా పక్కనే కూర్చుని.

ఇంజను ఆపమన్నాను. చాలాసేపు చూశాను. ఎవరూ తొందరపెట్టలేదు.

ఇప్పుడు తనను అడిగాను, మొదటి ప్రయాణం నుంచి వరసగా చెప్పు, ఎడమవైపు ఏమేం ఉండేవో అని. "అన్నీనా?" అంది. అన్నీ అన్నాను. అయితే రాస్తూ చెప్పలేనంటోంది. ఊరు దాటగానే పొద్దుతిరుగుడు చేను ఉండేదట, పూలన్నీ మా వైపే తిరిగి ఉండేవట. అక్కడి నుంచి మొదలుపెడుతుందట. పెన్ను పక్కన పెట్టమన్నాను.